ఖాళీ కవరు ఖరీదెంత? ప్లాస్టిక్ నిషేధాలు, మైక్రాన్లు, ఈపీఆర్ వెనకున్న లెక్క

టిఫిన్ సెంటర్ నుంచి ఇడ్లీ పార్శిల్ తెచ్చుకున్నామనుకోండి. పిడులున్న క్యారీ బ్యాగు ఒకటి. లోపల ప్లాస్టిక్ పూత వేసిన కాగితంలో చుట్టిన ఇడ్లీలు. పల్లీ చట్నీ ఒక పల్చటి కవర్లో, అల్లం చట్నీ ఇంకో కవర్లో, సాంబారు మూడో కవర్లో, మూతి దారంతో బిగించి. ఒక ప్లాస్టిక్ స్పూను. పక్క కొట్లో కొన్న లీటరు నీళ్ల బాటిల్. పిల్లాడు మారాం చేశాడని ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్.

మనకు ఇదంతా ఒకటే 'ప్లాస్టిక్'. చట్టానికి మాత్రం ఇవి వేరువేరు సరుకులు. స్పూను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. చట్నీ కవరుకి పిడి లేదు కాబట్టి అది క్యారీ బ్యాగు కాదు. సరుకు చుట్టడానికి వాడే షీట్లు, కవర్ల కిందికొచ్చి 50 మైక్రాన్ల రూలు వర్తిస్తుంది. నీళ్ల బాటిల్, చిప్స్ ప్యాకెట్ నిక్షేపంగా అమ్ముకోవచ్చు, కాకపోతే వాటి తాలూకు చెత్తకి కంపెనీ జవాబుదారీ (దీన్నే ఈపీఆర్ అంటారు). ఇడ్లీ చుట్టిన కాగితం చూడ్డానికి కాగితమే గానీ, పాత పేపర్లు కొనేవాడు దాన్ని ముట్టుకోడు.

ఒక్క పార్శిల్‌కే ఇన్ని రూల్స్ ఉన్నప్పుడు, "బ్యాన్ చేశారుగా, మరి ఇంకా ఎలా దొరుకుతున్నాయి?" అనే ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఈ చిక్కుముడి విప్పడానికి నా మటుకు నాకు ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది. వాడేశాక మిగిలిన ఆ ఖాళీకి ఎవరైనా డబ్బిస్తారా? ఇస్తే ఎంత, ఎవరి జేబులోంచి? జనం అలవాట్లు, వ్యాపారం, ప్రభుత్వ విధానం అని మూడు ముక్కలుగా మాట్లాడుకునే విషయాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరే కలుస్తాయి.

## ఏరేవాళ్లు ఏది ఏరతారు, ఏది వదిలేస్తారు

లీటరు నీళ్ల బాటిల్ ఖాళీ అయ్యాక ఇరవై, ఇరవై అయిదు గ్రాములు తూగుతుంది. అంటే సుమారు 45 బాటిళ్లు ఏరితే కిలో. పైగా అది పెట్ అనే ఒకే రకం ప్లాస్టిక్. కడిగి, ముక్కలు చేసి, దారం తీస్తే పాలిస్టర్ బట్ట అవుతుంది. అందుకే పాత సామాన్ల షాపులో దానికి రేటుంది. కిలోకి 20 రూపాయలు అనుకుందాం. గోనె సంచి నిండా బాటిళ్లు ఏరుకున్న మనిషికి ఓ పూట గడుస్తుంది.

ఇప్పుడు షాంపూ సాషే. ఖాళీది ఒక గ్రాము అనుకుంటే కిలో కావాలంటే వెయ్యిసార్లు వంగి ఏరాలి. ఏరినా, ఒక ప్లాస్టిక్ మీద ఇంకో ప్లాస్టిక్, మధ్యలో అల్యూమినియం పూత, అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీసే ఖర్చు, విడదీశాక వచ్చే సరుకు విలువ కంటే ఎక్కువ. స్క్రాప్ షాపు వాడు వద్దంటాడు. కాబట్టి అది కాలవలో ఉంటుంది, లేదంటే పొద్దున్నే వీధి చివర ఊడ్చి పెట్టే మంటలో ఉంటుంది.

ఒకే వీధిలో, ఒకే మనుషులు పారేసిన రెండు వస్తువుల్లో ఒకటి మాయమైపోయి, ఇంకోటి అక్కడే పడి ఉండటానికి కారణం ఇదే. జనానికి బుద్ధి లేదనే మాట ఈ తేడాని వివరించలేదు. రీసైక్లింగ్ అనేది వస్తువు మీద ముద్రించిన మూడు బాణాల గుర్తులో లేదు, కొనేవాడు ఉన్నాడా లేదా అన్నదాంట్లో ఉంది. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమే.

## మైక్రాన్ రూలు: మందం పేరుతో ధర

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన దేశంలో క్యారీ బ్యాగు కనీస మందం 1999లో 20 మైక్రాన్లు. 2011లో 40 అయింది, 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువ అవుతుంది కదా, ఇదేం తిరకాసు అని చాలామందికి సందేహం. లెక్క వేసి చూస్తే లోగుట్టు తెలుస్తుంది.

40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు ఉన్న సంచి తీసుకోండి. రెండు వైపులు కలిపితే 4,000 చదరపు సెంటీమీటర్ల షీటు. 20 మైక్రాన్ల మందం అయితే అందులో 8 ఘన సెంటీమీటర్ల ప్లాస్టిక్ పడుతుంది, బరువు ఏడున్నర గ్రాములకు కాస్త అటూ ఇటూ. అదే సంచి 120 మైక్రాన్లు అయితే 44 గ్రాములు. ముడిసరుకు కిలో 120 రూపాయలు అనుకుంటే, పల్చటి సంచికి 90 పైసలు, మందపాటి దానికి అయిదు రూపాయలు దాటుతుంది.

ఈ అయిదు రూపాయల దగ్గరే కథ మారుతుంది. 90 పైసల సంచిని కూరగాయలామె అడక్కుండానే ఇస్తుంది. అయిదు రూపాయల సంచిని ఊరికే ఇవ్వలేదు. కొన్నవాళ్లు దాన్ని పారేయరు, మడిచి దాచుకుంటారు. ఒకవేళ పారేసినా కిలోకి 22, 23 సంచులే పడతాయి కాబట్టి ఏరేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది. పల్చటివైతే కిలోకి 130 పైనే ఏరాలి. పేరుకి మందం రూలు గానీ, నిజానికి ఇది దొడ్డిదారిన పెట్టిన ధర.

చిక్కు అమల్లో ఉంది. మందం కంటితో చూసి చెప్పేది కాదు, గేజ్ పెట్టి కొలవాలి. సంతకి వచ్చే మున్సిపల్ సిబ్బంది దగ్గర అది ఉండాలి. సంచి మీద '120' అని అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేం కాదు. దాడులన్నీ చివర్లో దొరికే తోపుడు బండి మీద జరుగుతాయి. తయారయ్యే షెడ్డు ఊరి బయట, ఒక్కోసారి రాష్ట్రం బయట ఉంటుంది.

ఇంకో చిక్కు అమెరికాలో బయటపడింది. కాలిఫోర్నియా 2016లో పల్చటి సంచులు ఆపేసి, మళ్లీ మళ్లీ వాడుకోగల మందపాటి సంచులను పది సెంట్లకు అమ్మనిచ్చింది. జనం ఆ పది సెంట్లు పెద్దగా పట్టించుకోలేదు. మందపాటివి కూడా ఒకసారి వాడి పారేశారు. సంచుల తాలూకు చెత్త బరువు తగ్గకపోగా పెరిగింది. దాంతో 2024లో మందపాటి ప్లాస్టిక్ సంచుల్ని కూడా ఆపేస్తూ ఇంకో చట్టం తెచ్చుకున్నారు. ధర పెట్టడం ఒక్కటే చాలదు. అది కొనేవాడి జేబుకి తగలాలి కూడా.

## నిషేధం ఎక్కడ నిలబడింది, ఎక్కడ జారింది

ప్లాస్టిక్ సంచుల గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యవహారంలో మన ఊరి పేరు ఒకటి ఉంది. పుట్టపర్తిలో జంతువుల కోసం పనిచేసే కరుణ సొసైటీ, మరికొందరితో కలిసి 2012లో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేసింది. రోడ్ల మీద తిరిగే ఆవులకు ఆపరేషన్లు చేస్తే కడుపులోంచి కిలోల కొద్దీ కవర్లు బయటపడటం దానికి మూలం. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కవర్లో కట్టి పారేస్తాం; ఆవు కవరు విప్పుకుని తినదు కదా. ఆ విచారణలో కోర్టు రెండు దారులు ప్రస్తావించింది: పూర్తిగా నిషేధించడం, లేదా తయారీదార్లే వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయడం. దేశం ఆ తర్వాత పట్టుకున్న రెండు దారులూ అవే.

2022 జూలై నుంచి నిషేధించిన వస్తువుల జాబితా చూస్తే స్పూన్లు, ఫోర్కులు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, ఇయర్‌బడ్ పుల్లలు, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, అలంకరణ థర్మాకోల్, స్వీటు బాక్సుల మీద చుట్టే పొర, వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కనిపిస్తాయి. ఎంపికకు ప్రభుత్వం చెప్పిన కొలబద్ద: ఉపయోగం తక్కువ, చెత్తగా మారే అవకాశం ఎక్కువ. పది రూపాయల జ్యూస్ ప్యాకెట్లకు అంటించే స్ట్రా కోసం పెద్ద కంపెనీలు గడువు అడిగాయి, కేంద్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ ప్యాకెట్ల మీద కాగితం స్ట్రాలు చూస్తున్నాం. అలా చూస్తే నిషేధం పని చేసింది: కొద్ది కంపెనీలు, వాటి చేతిలోనే ప్రత్యామ్నాయం, చెక్ చేయడం తేలిక.

పెళ్లి భోజనాల్లో గ్లాసులు, బండి మీద స్పూన్ల విషయంలో అంత పని చేయలేదు. అక్కడ తయారీదార్లు వేలమంది, చిన్నచిన్న షెడ్లు, బిల్లులు లేని సరుకు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు ప్రింటర్ల యజమానులు అప్పు తెచ్చి కొన్న మిషన్ల సంగతేంటని అడిగారు, అమలు తేదీ వెనక్కి జరిగింది. ఇప్పుడు ఏ సెంటర్లో నిలబడి తలెత్తినా పుట్టినరోజు శుభాకాంక్షలే. ఫ్లెక్సీ విషయంలో ఇంకో తమాషా కూడా ఉంది: నిషేధం అమలు చేయాల్సిన వాళ్లూ, ఫ్లెక్సీలో బొమ్మ పడాల్సిన వాళ్లూ చాలాసార్లు ఒక్కరే.

ఇక తిరుమల. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు అమ్మరు. గాజు సీసాలో నీళ్లు కొంటే డిపాజిట్ కట్టాలి, సీసా తిరిగిస్తే డబ్బు తిరిగొస్తుంది. జలప్రసాదం కుళాయిల దగ్గర సొంత బాటిల్ నింపుకోవచ్చు. నిషేధం నిలబడింది అనడానికి అందరూ తిరుమలనే చూపిస్తారు. దాని వెనక మిగతా ఊళ్లకు లేని వసతులున్నాయి. కొండెక్కే ముందు అలిపిరిలో తనిఖీ, కొండంతా ఒకే సంస్థ చేతిలో, షాపు లైసెన్సులు కూడా ఆ సంస్థవే. విజయవాడలోకి ఎన్ని రోడ్లు వస్తాయో లెక్కపెట్టి చూస్తే, తిరుమల పద్ధతి అక్కడ ఎందుకు అతకదో అర్థమవుతుంది. కానీ నిషేధంతో పాటే తాగే నీళ్లూ, డిపాజిట్ సీసా కూడా పెట్టారన్నది మాత్రం ఏ ఊరైనా తీసుకోదగ్గ సంగతి.

నిషేధాల మీద గట్టి విమర్శ ఇంకొకటుంది. స్పూనూ, పుల్లా అమ్ముకునే చిన్నవాడికి నిషేధం, సాషే అమ్మే పెద్దవాడికి 'బాధ్యత'. గుట్కా, పాన్ మసాలా, పొగాకు తప్ప మిగతా సాషేలు నిషేధంలో లేవు. దీనికి అవతలి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. రోజు కూలి మీద బతికే ఇంట్లో రెండొందల రూపాయల షాంపూ సీసా కొనరు, రూపాయి సాషే కొంటారు. నూనె, పాలు, బిస్కెట్లు పాడవకుండా దూరం వెళ్లేది కూడా ఈ పొరల వల్లే. స్పూనుకి చెక్క స్పూను ఉంది, సాషేకి సరిసమానమైనది ఇంకా చవగ్గా దొరకడం లేదు.

## అలవాటు మారాలంటే

ప్రవర్తన మార్పు అనగానే గోడల మీద నినాదాలు, స్కూలు పిల్లల ర్యాలీ గుర్తొస్తాయి. ఐర్లాండ్ 2002లో వేరే పని చేసింది. ప్రతి ప్లాస్టిక్ సంచికీ 15 యూరో సెంట్ల పన్ను పెట్టి, దాన్ని కొనేవాడే కట్టాలంది. అంతకుముందు మనిషికి ఏడాదికి 328 సంచులు వాడే దేశంలో వాడకం 21కి పడిపోయింది. జనం రాత్రికి రాత్రి పర్యావరణ ప్రేమికులు అయిపోయారని కాదు. కౌంటర్ దగ్గర "సంచి కావాలా?" అని అడిగి డబ్బు తీసుకునేసరికి, కావాలో వద్దో ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది. ఊరికే వచ్చేదాని గురించి ఎవరూ ఆలోచించరు.

మన దగ్గర సంచి పట్టుకెళ్లడం కొత్తగా నేర్పాల్సిన విద్య కూడా కాదు. తమిళనాడు 2021 డిసెంబరులో పసుపు బట్ట సంచిని మళ్లీ వాడుకలోకి తెచ్చే ప్రచారం పెట్టుకుంది. అక్కడా ఇక్కడా పాత తరానికి ఆ సంచి బాగా తెలుసు. ఇంట్లో సంచులు లేక కాదు, పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులతో వచ్చినవి అల్మారా నిండా ఉంటాయి. బండి మీద ఆఫీసు నుంచి వస్తూ దారిలో టమాటాలు కొనేటప్పుడు చేతిలో సంచి ఉండదు, అంతే.

బట్ట సంచి అనగానే పాపం తీరిపోయిందనుకోవడమూ పొరపాటే. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం, పత్తి సాగుకి పట్టే నీళ్లు, ఎరువులు, అన్నీ కలిపి చూస్తే నూలు సంచి ఒక ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే 7,100 సార్లు వాడాలి. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే 52 సార్లు చాలు. ఆ 7,100 అంకెని ప్లాస్టిక్ కంపెనీల తరఫు వాళ్లు బాగా వాడుకుంటారు. కానీ అది చెత్త పక్కాగా సేకరించే దేశంలో వేసిన లెక్క. కాలవలో పడే కవరు, ఆవు కడుపులో చేరే కవరు అందులో పెద్దగా లెక్కకు రాలేదు. మన పరిస్థితికి దాన్నుంచి తీసుకోగలిగింది ఒకటే: ఉన్న సంచినే వాడాలి, కొత్తవి పోగేసుకుంటే లాభం లేదు. షాపుల్లో బట్టలా మెత్తగా కనిపించే నాన్‌వోవెన్ సంచి మాత్రం బట్ట కాదు, అది పాలీప్రొపిలీన్. చదరపు మీటరుకి 60 గ్రాములకు తగ్గకూడదని దానికీ 2021 నుంచి రూలుంది.

## ఈపీఆర్: కంపెనీ బాధ్యత, కాగితం మీద

వార్తల్లో తరచూ వినిపించే ఈపీఆర్ అంటే, సరుకు అమ్మిన కంపెనీ దాని ఖాళీకి కూడా బాధ్యత వహించడం. 2022 ఫిబ్రవరి 16న కేంద్రం దీని మార్గదర్శకాలు ఇచ్చింది. ప్యాకింగ్‌ని నాలుగు కేటగిరీలు చేసింది. బాటిళ్లు, డబ్బాల్లాంటి గట్టివి మొదటిది. కవర్లు, పౌచ్‌ల్లాంటి మెత్తటి ప్లాస్టిక్ రెండోది. ప్లాస్టిక్‌తో పాటు అల్యూమినియమో కాగితమో పొరగా ఉన్నవి మూడోది. కంపోస్టబుల్ ప్లాస్టిక్ నాలుగోది.

ఒక ఉదాహరణ. ఒక కంపెనీ ఏడాదికి వెయ్యి టన్నుల మూడో కేటగిరీ ప్యాకింగ్ మార్కెట్లోకి వదులుతుందనుకుందాం. 2023-24 నుంచి బాధ్యత నూరు శాతం, అంటే వెయ్యి టన్నులకూ లెక్క చూపాలి. అందులో 2025-26కి కనీసం 40 శాతం, అంటే 400 టన్నులు రీసైకిల్ కావాలి. 2027-28 నాటికి అది 60 శాతం. మొదటి కేటగిరీకైతే 2027-28 లక్ష్యం 80. మిగిలిన 600 టన్నుల్లో రీసైకిల్ చేయలేని దాన్ని రోడ్ల తారులో కలపొచ్చు, సిమెంటు ఫ్యాక్టరీ బట్టీల్లో బొగ్గుతో పాటు మండించొచ్చు. ప్లాస్టిక్ కలిపిన తారు రోడ్ల పద్ధతి కనిపెట్టింది మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్, ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

కంపెనీ తన ప్యాకెట్లనే ఏరుకురావాలని లేదు. రిజిస్టరైన రీసైక్లర్ అంత బరువు అదే కేటగిరీ చెత్తని రీసైకిల్ చేసి సర్టిఫికెట్ తయారుచేస్తాడు, కంపెనీ దాన్ని కొంటుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో పడ్డ ప్యాకెట్లకు గుజరాత్ ఫ్యాక్టరీలో రీసైకిల్ అయిన చెత్త లెక్కలో చెల్లిపోతుంది. ఇది తప్పా? ఆర్థికవేత్తలు కాదంటారు: ఎక్కడ చవగ్గా అవుతుందో అక్కడ జరిగితే మొత్తం ఖర్చు తగ్గుతుంది. ఆదిలాబాద్ వాగులో ఉన్న ప్యాకెట్లు మాత్రం వాగులోనే ఉంటాయి. రెండూ నిజమే.

సర్టిఫికెట్ ఉన్నచోట దొంగ సర్టిఫికెట్ కూడా ఉంటుంది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే కొందరు రీసైక్లర్లు లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు పుట్టించినట్టు తేలింది. ఫ్యాక్టరీ సామర్థ్యం ఎంతో, కరెంటు బిల్లు ఎంతో చూడకుండా ఆన్‌లైన్‌లో నొక్కిన అంకెల్ని నమ్మడం వల్ల వచ్చిన తంటా అది. దాని తర్వాత నియమాలు బిగించారు. 2025 జూలై నుంచి ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడో బార్‌కోడో ద్వారా తయారీదారు వివరాలు ఇచ్చే ఏర్పాటూ వచ్చింది.

నా లెక్కన ఈపీఆర్‌లో అసలు వెలితి వేరే చోట ఉంది. వీధి ఊడ్చేది, ఆటో ట్రాలీలో చెత్త ఎత్తేది మున్సిపాలిటీ. కంపెనీ ఆ ఖర్చులో వాటా నేరుగా మున్సిపాలిటీకి కట్టి తీరాలన్న నిబంధన మన దగ్గర లేదు. ఫ్రాన్స్ లాంటి దేశాల్లో కంపెనీల సొమ్ము స్థానిక సంస్థలకు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త పన్ను గొడవ గుర్తుంది కదా. 2021 అక్టోబరులో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకంతో ఇంటింటి చెత్తకి నెలవారీ రుసుము పెట్టారు, జనం మండిపడ్డారు, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. రుసుము లేకపోతే సేకరణ ఎలా అని ఒక పక్షం, అన్ని పన్నులు కడుతుంటే ఇంకోటి ఎందుకని ఇంకో పక్షం. ఆ వాదోపవాదాలన్నీ ఇంటాయనకీ మున్సిపాలిటీకీ మధ్యే నడిచాయి. ఆ చెత్తలోని ప్యాకెట్ల మీద ఎవరి పేరు అచ్చయి ఉందో వాళ్ల ప్రస్తావన రాలేదు.

## డిపాజిట్: ఖాళీకి నేరుగా విలువ

గోలీ సోడా కొట్లో సీసా తిరిగివ్వకుండా కదలనిచ్చేవాళ్లు కాదు. కూల్‌డ్రింక్ గాజు సీసాలకూ అంతే, కేసు ఖాళీలు ఇస్తేనే కేసు నిండువి. పెట్ బాటిల్ వచ్చాక ఆ గొలుసు తెగింది. ఇప్పుడు దాన్నే డిపాజిట్ రిఫండ్ అనే పేరుతో మళ్లీ తెస్తున్నారు. జర్మనీలో 2003 నుంచి ఒకసారి వాడే డ్రింక్ బాటిల్‌కి 25 సెంట్ల డిపాజిట్, నూటికి 95కి పైగా బాటిళ్లు వెనక్కి వస్తాయి.

మన దేశంలోనూ ఇది పని చేస్తుందని చూపిన చోట్లున్నాయి. నీలగిరుల్లో అడవి జంతువుల కాళ్లకు పగిలిన మద్యం సీసాలు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుకుంటే, 2022లో ప్రభుత్వ మద్యం షాపుల్లో సీసాకి పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ తెస్తే తిరిగివ్వడం మొదలుపెట్టారు. తొంభై శాతానికి పైగా వెనక్కి వచ్చాయి. అదే ఏడాది కేదార్‌నాథ్ దారిలో రీసైకల్ అనే హైదరాబాద్ కంపెనీ, స్థానిక యంత్రాంగంతో కలిసి ప్లాస్టిక్ బాటిళ్లకు క్యూఆర్ స్టిక్కర్ అంటించి పది రూపాయల డిపాజిట్ పెట్టింది. యాత్రికుడు బద్ధకించి పారేసినా, పది రూపాయల కోసం ఇంకొకరు ఏరి తెస్తారు. అలవాటు మార్చుకోనివాడి వల్ల కూడా పని ఆగదు, ఈ పద్ధతి బలం అక్కడుంది. గోవా 2024లో రాష్ట్రమంతటికీ ఇలాంటి పథకం నోటిఫై చేసింది.

అభ్యంతరాలూ ఉన్నాయి. కిరాణా కొట్టు ఖాళీలు ఎక్కడ పెట్టుకుంటుంది? చిల్లర ఎవరు లెక్కపెడతారు? ఇప్పుడు బాటిళ్లు ఏరుకుని బతికేవాళ్ల సరుకు నేరుగా షాపుకి వెళ్లిపోతే వాళ్ల సంగతేంటి? ఈ ఆఖరి ప్రశ్న తేలిగ్గా తీసుకునేది కాదు. ఏరేవాళ్లను కూడా డిపాజిట్ తీసుకునేలా చేరిస్తే వాళ్ల ఆదాయం పెరుగుతుంది, వదిలేస్తే పడిపోతుంది. పుణేలో 2008 నుంచి చెత్త ఏరేవాళ్లే (ఎక్కువమంది మహిళలు) సభ్యులుగా స్వచ్ఛ్ సహకార సంఘం ఇంటింటి సేకరణ చేస్తోంది. చేర్చుకోవడం కుదిరే పనే.

## కంపోస్టబుల్ సంచి సంగతి

మొక్కజొన్న పిండితో చేసిన సంచులకు మందం రూలు లేదు, కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉంటే చాలు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో హైదరాబాద్ ల్యాబ్ తయారుచేసిన ఇలాంటి సంచుల్ని 2021లో తిరుమలలో లడ్డూలకు వాడటం మొదలుపెట్టారు. ఇవి మట్టిలో వేయగానే కరిగిపోతాయని అనుకోకండి. చాలా రకాలకు 60 డిగ్రీలకు దగ్గరగా వేడి ఉండే కంపోస్టు యార్డు కావాలి. కాలవలో పడితే ఏళ్ల తరబడి ఉండొచ్చు, పెట్ బాటిళ్లతో కలిస్తే రీసైక్లింగ్‌ని పాడుచేస్తాయి. తడి చెత్త విడిగా వెళ్లే ఊళ్లో ఇవి మేలు. లేని ఊళ్లో పేరు మాత్రమే మారుతుంది.

## అంకెల తగాదా, ఆగిపోయిన ఒప్పందం

అసలు మన ప్లాస్టిక్ చెత్త ఎంత? కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో 2020-21లో సుమారు 41 లక్షల టన్నులు. 2024 సెప్టెంబరులో బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు నేచర్ పత్రికలో ఇచ్చిన అంచనా ప్రకారం, భారత్‌లో పర్యావరణంలోకి చేరే ప్లాస్టికే ఏడాదికి 93 లక్షల టన్నులు, అందులో 58 లక్షలు బహిరంగంగా తగలబెట్టేది. ప్రపంచంలో ఏ దేశానికైనా ఇదే ఎక్కువ. మొత్తం చెత్త కంటే పారేసిన చెత్త రెట్టింపు ఎలా అవుతుంది? పరిశోధకుల మాట: అధికారిక లెక్కలో పల్లెలు, సేకరించకుండా కాల్చేసేది, అసంఘటిత రంగంలో నడిచేది సరిగ్గా చేరవు. అవతలి మాట: ఇది కంప్యూటర్ మోడల్ వేసిన లెక్క, ప్రతి ఊళ్లో తూచింది కాదు, తలసరి వాడకంలో అమెరికా ముందు మనమెంత? ఏ అంకె పట్టుకున్నా, కాల్చడం సముద్రంలో తేలే బాటిల్ కంటే పెద్ద సమస్యన్నది ఇందులో ముఖ్యం. వీధి మూల మంటని ప్లాస్టిక్ కాలుష్యంగా మనం లెక్కేయడం లేదు.

2022 మార్చిలో నైరోబీలో దేశాలన్నీ కలిసి ప్లాస్టిక్ మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం రాసుకోవాలనుకున్నాయి. 2024 చివర్లో బుసాన్‌లో కుదరలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. నార్వే, రువాండా నాయకత్వంలోని దేశాలు అసలు ఉత్పత్తికే పరిమితి ఉండాలంటాయి: కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభమని. చమురు దేశాలు చెత్త నిర్వహణ దగ్గరే ఆగుదామంటాయి. భారత్ కూడా ఉత్పత్తి పరిమితికి ఒప్పుకోలేదు, అది అభివృద్ధికి అడ్డమన్నది మన వాదన.

## సాషే దగ్గర ఇరుక్కున్న బండి

ఇవన్నీ చూశాక, స్ట్రా సమస్య తేలిపోయినట్టే. బాటిల్‌కి దారి తెలుసు. క్యారీ బ్యాగు అమలు మీద ఆధారపడి ఉంది. మిగిలింది సాషే, చిప్స్ ప్యాకెట్. నిషేధిస్తే పేదవాడి కొనుగోలు మీద దెబ్బ, వదిలేస్తే కాలవ మీద. కంపెనీలు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన పొరల వైపు జరగడం ఒక దారి, అది రీసైకిల్ చేయడం తేలిక. కిరాణా కొట్లోనే పెద్ద డబ్బాలోంచి కొలిచి పోసే రీఫిల్ ఇంకో దారి; ఒకప్పుడు నూనె అలాగే కొనేవాళ్లం, కల్తీ భయంతోనే ప్యాకెట్లకు మారాం. ఆ భయం పోకుండా రీఫిల్ నడవదు.

రూపాయి సాషేకి డిపాజిట్ పెట్టడం అయ్యే పని కాదని చాలామంది అంటారు. అయితే సాషే పుట్టిన మొదటి రోజుల్లోనే ఒకటి జరిగింది. 1983లో మొదలైన చిక్ షాంపూ వాళ్లు, ఏ కంపెనీదైనా సరే ఐదు ఖాళీ సాషేలు తెస్తే ఒక చిక్ సాషే ఉచితమని పెట్టారు. జనం ఖాళీలు ఏరి తెచ్చారు. కొన్నాళ్లకి ఆ పథకాన్ని సొంత ఖాళీలకే పరిమితం చేశారు, అమ్మకాలు ఇంకా పెరిగాయి. అదంతా మార్కెట్ పట్టుకోవడానికి వేసిన ఎత్తు, పర్యావరణం దానిలో ఎక్కడా లేదు. ఐదు ఖాళీలకు ఒక నిండుది, అంటే ఖాళీకి ఇరవై పైసల చొప్పున పడిందన్నమాట, సాషే రూపాయి అనుకుంటే. మూడో కేటగిరీ కంపెనీలు ఇప్పుడు కొంటున్న సర్టిఫికెట్ల ఖర్చు ఒక్కో సాషేకి ఎన్ని పైసలు పడుతుందో, దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేలతాయి.